జేబులో పిచికారీ

ఈ సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా అక్క కొడుకు, బ్యాగులోంచి నల్లటి పెన్ను లాంటిదొకటి తీసి వాళ్ల నాన్న చేతిలో పెట్టాడు. ఊరు గురజాల దగ్గర. మా బావ అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించబోతున్నాడు.

"చుట్ట మానేసి ఇది తాగు నాన్నా. కొత్తవాళ్లకి ఇదే తేలికంట. మీట నొక్కి పీల్చడమే."

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొగాకు పండించేవాణ్ణిరా నేను. నాకు ప్లాస్టిక్ చుట్ట తెచ్చావా?" అని నా వైపు తిరిగాడు. "ఏం బామ్మర్దీ, ఫిజిక్సు చెప్పినోడివి గదా, ఇదేందో జూడు."

నరసరావుపేటలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన పాపానికి, పండగ పూట ఆ పని నాకు పడింది. తాగి చూడలేదు, ఆ అలవాటు నాకు లేదు. విప్పి చూశాను.

విప్పడానికి స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. నడుము దగ్గర మర తిప్పితే రెండు ముక్కలవుతుంది. కింద ముక్క బ్యాటరీ. పైముక్క వేలెడు గాజు గొట్టం, అందులో ద్రవం, నడుమ సన్నటి తీగచుట్ట. ఆ మరను లోకమంతా 510 అంటారు, అర మిల్లీమీటరు ఎడంతో పది పళ్లుంటాయి కాబట్టి. ఆ మర ఉన్న ఏ బ్యాటరీ అయినా ఏ గొట్టానికయినా సరిపోవడానికి కారణం అదే. ఆ తీగచుట్టకు మల్టీమీటర్ పెడితే 1.8 ఓములు చూపించింది. లిథియం బ్యాటరీ 3.7 వోల్టులిస్తుంది. హైస్కూలు లెక్కే: వోల్టేజీని దానితోనే గుణించి ఓములతో భాగిస్తే ఏడున్నర వాట్లు. వరండాలో వెలిగే ఎల్‌ఈడీ బల్బు తినేపాటి కరెంటు. కాకపోతే బల్బు దాన్ని గదంతా పరుస్తుంది, ఇది బియ్యపు గింజంత తీగలోకి కుక్కుతుంది.

తీగ మధ్యలో ఉన్నదాన్ని పట్టకారుతో లాగి చూపిస్తే బావ నవ్వాడు. పత్తి! పల్నాడు చేలల్లో ఏటా ఏరే పత్తే ఇందులో వత్తి అయ్యింది. దీపం కుందిలో వత్తి నూనెను ఎట్లా పైకి లాగుతుందో, ఇదీ ద్రవాన్ని అట్లాగే లాగి వేడి తీగకు అందిస్తుంది. తీగ నికెల్, క్రోమియం కలిసిన లోహం కావచ్చు, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసింది కావచ్చు. మీట నొక్కగానే క్షణంలో వేడెక్కుతుంది. ద్రవంలో ఎక్కువ పాలు ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది 188 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రెండోది 290 దగ్గర. రెండూ కలిసి ఆవిరై, పీల్చిన చల్లగాలి తగలగానే తిరిగి సన్నటి బొట్లుగా మారతాయి. నోట్లోంచి బయటికి వచ్చే తెల్లటి మబ్బు ఆ బొట్లదే. ఈ ఇ-సిగరెట్టును 'వేప్' అంటారు, ఆ మాటకు ఆవిరి అని అర్థం గానీ, వచ్చేది ఆవిరి కాదు. తెల్లవారుజామున కాలువ గట్టు మీద పట్టే మంచు జాతిది.

"అంటే మందు కొట్టే ట్యాంకన్నమాట," అన్నాడు బావ.

ముప్పయ్యేళ్లలో ఏ విద్యార్థీ ఇంత చక్కగా చెప్పలేదు. ఇది పిచికారీ యంత్రమే. ద్రవాన్ని బొట్లు చేసి, చేరాల్సిన చోటికి చేరుస్తుంది. అందుకే దీని మంచిచెడ్డలు తేల్చాలంటే స్ప్రేయరు కొనేటప్పుడు రైతు అడిగే మూడు ప్రశ్నలు చాలు: బొట్టు ఎంత సన్నం, ఎక్కడ పడుతుంది, ట్యాంకులో ఉన్న మందేమిటి.

మిరపతోటలో పవర్ స్ప్రేయరు కొట్టే బొట్టు సుమారుగా నూరు నుంచి మూడు వందల మైక్రాన్లుంటుంది. అంతకన్నా సన్నమైతే గాలికి కొట్టుకుపోయి పక్కవాడి చేలో పడుతుందని బావకు తెలుసు. పెన్ను బొట్టు మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. అంత సన్నది ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు. గాలితోపాటు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. అక్కడ గోడ మన జుట్టు మందంలో వందో వంతు కూడా లేనంత పలచన. దాని అవతల నెత్తురు. మందు ఒంటికి పట్టాలంటే ఇంతకన్నా మంచి స్ప్రేయరు లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇక ట్యాంకులో మందు. పెన్నుతోపాటు వచ్చిన చిన్న సీసా మీద పుదీనా ఆకు బొమ్మ, 50 అన్న అంకె, పది మిల్లీలీటర్లని ఉన్నాయి. తయారుచేసినవాడి చిరునామా లేదు, బ్యాచి నంబరు లేదు, తేదీ లేదు. 50 అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్. సీసాలో మొత్తం 500 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్టు తాగితే ఒంట్లోకి చేరేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. బొటనవేలంత సీసాలో కొన్ని వందల సిగరెట్ల నికోటిన్ ఉందన్నమాట. యూరప్, బ్రిటన్‌లలో చట్టం ఒప్పుకునేది మిల్లీలీటరుకు 20 మాత్రమే.

నికోటిన్ సంగతి బావకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. నల్లబర్లీ పొగాకు రెలిచే రోజుల్లో తెల్లవారగానే మంచు తడి ఆకుల్లోకి దిగిన కూలీలకు కళ్లు తిరగడం, వాంతులు, తలపోటు ఆయన ఏళ్లుగా చూస్తున్నవే. చేతికి అంటిన నల్లటి జిగురు చింతపండుతో తోమినా పోదు. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. దీన్ని వైద్యులు పచ్చాకు జబ్బు అంటారు. చుట్ట తాగని ఆడకూలీలకు ఇది మరీ ఎక్కువ పట్టుకుంటుంది, ఒళ్లు అలవాటు పడి ఉండదు కాబట్టి.

ఈ నికోటిన్‌నే పేనుబంక మీద కొట్టిన కాలం ఒకటుంది. పొగాకు కాడలు, రాలు ఆకు నానబెట్టి, సబ్బు కలిపి చల్లేవాళ్లు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల అగ్నాస్త్రంలో ఇప్పటికీ వేప, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు ఉంటుంది. నికోటిన్ సల్ఫేట్ అన్న పురుగుమందును దేశంలో వాడకూడదని నిషేధించారు, ఎగుమతికి తయారుచేయడం మాత్రం ఆపలేదు. ఇక పత్తికి, మిరపకు రసం పీల్చే పురుగుల కోసం కొట్టే ఇమిడాక్లోప్రిడ్ వంశం పేరే నియోనికోటినాయిడ్లు, అంటే కొత్త నికోటిన్లు. నరాల కొసన ఎసిటైల్‌కోలిన్ అనే వార్తాహరుడు తట్టే తలుపొకటుంది. నికోటిన్ దొంగ తాళంచెవితో ఆ తలుపు తీస్తుంది. పురుగులో ఆ తలుపు మూతపడక, నరాలు బిగుసుకుపోయి అది చస్తుంది. మనిషికి మోతాదు చిన్నది కాబట్టి చావు రాదు. మెదడులో డోపమిన్ ఊరి, కాసేపు హాయిగా ఉంటుంది. తరువాత ఆ తలుపులు సంఖ్యలో పెరిగి, నికోటిన్ రాకపోతే గోల చేస్తాయి. అలవాటంటే ఇదే. పురుగును చంపేదీ మనిషిని కట్టేసేదీ ఒకే తాళంచెవి.

ఇంతవరకు చుట్టకూ పెన్నుకూ తేడా లేదు. తేడా మొదలయ్యేది నిప్పు దగ్గర.

సిగరెట్టు కొనలో, గట్టిగా పీల్చేటప్పుడు, వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి ఆకు కాలి ఏడు వేల రకాల రసాయనాలు పుడతాయి. వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ తెచ్చేవి. గుండెను దెబ్బతీసే కార్బన్ మోనాక్సైడ్, ఊపిరితిత్తులకు పట్టే తారు నిప్పు పుట్టించేవే. పెన్నులో నిప్పు లేదు. వత్తి తడిగా ఉన్నంతసేపు తీగ వేడి రెండు, రెండున్నర వందల డిగ్రీల దగ్గర నిలుస్తుంది. తారు లేదు, మోనాక్సైడ్ లేనట్టే. ఈ మాట దాచిపెట్టి పెన్నును తిట్టడం సైన్సు కాదు. రోజుకు రెండు పెట్టెలు కాల్చి, ఏం చేసినా మానలేకపోయిన మనిషి పూర్తిగా దీనికి మారితే అతని ఒంట్లోకి పోయే విషాలు తగ్గుతాయి.

2019లో బ్రిటన్‌లో 886 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే, వేప్ ఇచ్చినవాళ్లలో నూటికి 18 మంది సిగరెట్టు మానారు, నికోటిన్ పట్టీలు, బిళ్లలు ఇచ్చినవాళ్లలో పది మందికి కాస్త తక్కువ. వేప్ గెలిచింది. అయితే అదే పరీక్షలో ఇంకో అంకె ఉంది. అలా మానిన వేప్ వర్గంలో నూటికి ఎనభై మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. పట్టీలు, బిళ్లల వర్గంలో మానినవాళ్లలో వాటిని ఇంకా వాడుతున్నవాళ్లు నూటికి తొమ్మిది మందే.

తీగ తడి ఆరితే కథ మారుతుంది. మూకుడులో నూనె మాడినప్పుడు వచ్చే ఘాటు, కళ్లు మండించేది, అక్రోలిన్. గ్లిజరిన్ మాడినా అదే వస్తుంది, దానికి తోడు ఫార్మాల్డిహైడ్. పెన్నులో ద్రవం అయిపోయి వత్తి మాడితే ఒకే ఒక్క పీల్పుతో గొంతు పట్టేస్తుంది. తాగేవాడికి ఎప్పుడు ఆపాలో తెలియాలి, కొత్తవాడికి తెలియదు. తీగ నుంచి రాలే లోహాల సంగతి 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూశారు. 56 మంది వాడుతున్న పరికరాల మంచులో సీసం, నికెల్, క్రోమియం, మాంగనీసు కనిపించాయి. సీసాలో దాదాపు లేనివి మంచులోకి తీగ నుంచి వచ్చాయి.

"పుదీనా, మామిడిపండు వాసనలు అన్నం కూరల్లో వాడేవే గదా మామయ్యా," అన్నాడు అల్లుడు. గుంటూరు మిర్చి యార్డులో ఒక గంట నిలబడి చూడమన్నాను. కారం తింటే ఆరోగ్యం, పీలిస్తే దగ్గు. కడుపుకు ఆమ్లం ఉంది, ఎంజైములున్నాయి, కాలేయం కాపలా ఉంది. ఊపిరితిత్తికి అవేవీ లేవు. వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ తినడానికి ఇబ్బంది లేదు, దాన్ని ఫ్యాక్టరీలో పీల్చిన అమెరికా పాప్‌కార్న్ కార్మికుల ఊపిరితిత్తుల సన్నటి గొట్టాలు మూసుకుపోయాయి.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది 'కొత్తవాళ్లకి తేలిక' అన్న మాట. తేలిక ఎట్లా అయ్యింది? దీనికి జవాబు పిడుగురాళ్ల సున్నంలో ఉంది.

పొగాకు నలిపి చెంపలో పెట్టుకునేవాళ్లు చిటికెడు సున్నం ఎందుకు కలుపుతారు? నికోటిన్‌కు రెండు వేషాలున్నాయి. క్షారం కలిస్తే అది స్వేచ్ఛగా ఉంటుంది, చర్మం గుండా చొరబడుతుంది, కానీ ఘాటు. ఆమ్లం కలిస్తే లవణం అవుతుంది, నెమ్మదిస్తుంది, ఘాటు చస్తుంది. సున్నం క్షారం, అందుకే చెంపలోంచే నికోటిన్ ఎక్కుతుంది. గాలికి, ఎండకు ఆరిన ఆకుతో చుట్టిన చుట్ట పొగ కూడా క్షార గుణం కలిగిందే. అందుకే చుట్ట తాగేవాడు పొగను ఊపిరితిత్తుల్లోకి లాగనక్కర్లేదు, నోట్లో ఆడిస్తే చాలు. లాగుదామన్నా గొంతు ఒప్పుకోదు. దగ్గు వస్తుంది. ఆ దగ్గే కాపలా.

ఒకప్పటి పెన్నుల ద్రవంలో నికోటిన్ స్వేచ్ఛగానే ఉండేది. గాఢత పెంచితే గొంతు మండేది, అందుకని ఎవరూ పెద్దగా పెంచలేకపోయేవారు. 2015లో అమెరికాలో జూల్ అనే కంపెనీ నికోటిన్‌కు బెంజాయిక్ ఆమ్లం కలిపి అమ్మకానికి తెచ్చింది. దానికి దగ్గరి చుట్టం సోడియం బెంజోయేట్ మనం సీసా పచ్చళ్ల లేబుళ్ల మీద చూస్తూనే ఉంటాం. ఘాటు పోయింది. మిల్లీలీటరుకు 50, 59 మిల్లీగ్రాములు పోసినా గొంతు కిక్కురుమనదు. మొదటిసారి పీల్చే పిల్లవాడికి దగ్గు రాదు. కొత్తవాళ్లకు తేలిక అంటే ఇదే: కాపలావాడికి లంచం ఇచ్చి పడుకోబెట్టారు.

బావ సంగతికి వస్తే లెక్క ఇంకా విచిత్రం. ఆయన చుట్ట పొగ ఇన్నేళ్లుగా ఎక్కువగా నోటి దాకే తిరిగింది. నోటికి, గొంతుకు, గుండెకు దాని చేటు చిన్నది కాదు, దాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ ఈ పెన్ను చేతికిస్తే, అరవై దాటాక మొదటిసారి ఊపిరితిత్తుల అడుగుదాకా లాగడం నేర్చుకోవాలి. దెబ్బ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుంది. సిగరెట్టు లాగేవాడి మీద చేసిన పరీక్ష ఫలితాన్ని చుట్ట తాగేవాడికి అంటగట్టలేం.

పెన్ను పుట్టుకే మానిపించడానికని కథ చెబుతారు. 1960లలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికావాడు నిప్పులేని సిగరెట్టుకు పేటెంటు తీసుకున్నాడు, ఎవరూ కొనలేదు. 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పటి రూపానికి దగ్గరగా చేశాడు. ఆయనా పొగతాగేవాడే, తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఉద్దేశం మంచిదే. తర్వాత అమ్మకం ఎటు పోయిందన్నది వేరే కథ: బ్రిటన్ లాంటి చోట వైద్యులు సిగరెట్టు మానే మార్గంగా దీన్ని ఒప్పుకున్నారు, ఆ బ్రిటనే పిల్లల చేతుల్లో చూసి 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే రకాలను నిషేధించింది.

మన దేశం మొదట్లోనే తలుపు వేసింది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. ఇ-సిగరెట్టు తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో. మళ్లీ దొరికితే మూడేళ్లు, అయిదు లక్షలు. నిల్వకు ఆరు నెలలు. ఉత్తి వాడకానికి చట్టంలో విడిగా శిక్ష రాయలేదు. బీడీ, చుట్ట బడ్డీకొట్లో దొరుకుతుండగా దీన్ని మాత్రం ఆపడం ఎంతవరకు న్యాయమని అడిగేవాళ్లున్నారు. ప్రశ్నలో పస ఉంది. పొగాకు మీద బతికే గుంటూరు, పల్నాడు, ప్రకాశం సీమకు ఆ ప్రశ్న ఇంకా ఇబ్బందికరం. 2025లో నల్లబర్లీ కొనే నాథుడు లేక రైతులు మండెల దగ్గర కాపలా కాస్తే, మార్క్‌ఫెడ్ చేత ప్రభుత్వమే కొనిపించింది. అయినా 2016-17 సర్వేలో దేశంలో పెద్దల్లో నూటికి ఇరవై ఎనిమిదిన్నర మంది పొగాకు వాడుతున్నప్పుడు ఇ-సిగరెట్టు వాడేవాళ్లు పదివేలకు ఇద్దరే. పుట్టకముందే ఆపగలిగే అవకాశం దేనికో గానీ రాదు.

నిషేధం వల్ల వచ్చిన చిక్కు సీసా మీదే కనిపిస్తోంది. చట్టబద్ధంగా అమ్మేచోట ద్రవంలో ఏముందో చూసేవాడు ఒకడుంటాడు. ఇక్కడ దొంగచాటున వచ్చిన సీసాలో 50 అని రాస్తే 50 ఉందో, 70 ఉందో, నికోటిన్ కాకుండా ఇంకేమైనా ఉందో సీసా చెప్పదు. అమెరికాలో 2019లో ఏమయ్యిందో గుర్తుచేసుకోవాలి. వేప్‌ల కోసం గంజాయి సారం అమ్మే చాటు వ్యాపారులు చిక్కదనం కోసం విటమిన్ ఇ ఎసిటేట్ కలిపారు. ఒంటికి పూసుకునే క్రీముల్లో ఉండే సరుకే. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. మామూలు మందు సీసా మీద బ్యాచి నంబరు లేకపోతే బావ కొనడు, పురుగులు చావవని. పురుగుమందుకు అడిగేది ఊపిరికి అడగకూడదా?

కాబట్టి అల్లుడికి నేనిచ్చిన మార్కులివి. యంత్రంగా పెన్ను తెలివైనదే, చవకదే, పని చేస్తుంది. దాని పని మందును లోతుకు చేర్చడం, అది బాగా చేస్తుంది. పొగ అసలు తాగనివాడికి దాని వల్ల లాభం సున్నా. సిగరెట్టు మానలేనివాడికి, నమ్మకమైన సరుకు దొరికే దేశంలో, వైద్యుడి సలహాతో కొంత లాభం ఉండొచ్చు. గురజాల దగ్గర ఊళ్లో చుట్ట తాగే నీ నాన్నకు పనికిరాదు.

"మరేం చేయమంటావు మామయ్యా?" అని అడిగాడు. కోపం రాలేదు. నాన్న చుట్ట మానాలన్న ఆశతోనే తెచ్చాడు పాపం.

నికోటిన్ బిళ్ల నమలమన్నాను. రెండు మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. గుండె జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి. కిళ్లీలా గబగబా నమిలి మింగకూడదు. కొంచెం నమిలి, నాలుక చురుక్కుమన్నాక చెంప పక్కన పెట్టాలి, మళ్లీ నమలాలి. నమిలేముందు కాఫీ, నిమ్మరసం వద్దు. నోట్లో ఆమ్లం ఉంటే నికోటిన్ లవణమైపోయి చెంపకు ఎక్కదు. సున్నం సూత్రాన్నే తిరగేసుకోండి. పొగాకు మానాలనుకునేవాళ్లకు కేంద్ర ఆరోగ్యశాఖ ఉచిత ఫోను కూడా ఉంది, 1800 11 2356.

బావ మానుతానని చెప్పలేదు. చూద్దాంలే అన్నాడు. రెండు బిళ్లలు నమిలి, "చప్పగా ఉంది" అని తేల్చాడు. సాయంత్రం పెరట్లో కూర్చున్నప్పుడు చుట్ట వెలిగించకుండా చాలాసేపు చేతిలో నలుపుతూ ఉండిపోయాడు.

మిగిలింది ఆ సీసా. చెత్తలో వేద్దామంటే పక్కింటి పిల్లలున్నారు. చెంచాడు ద్రవంలో 250 మిల్లీగ్రాముల నికోటిన్, పసివాడు నోట్లో పెట్టుకుంటే ప్రాణానికే మోసం. కాలువలో పోయడానికి వీల్లేదు. పెన్నులో బ్యాటరీ ఉంది, దాన్ని మండుతున్న చెత్తలో పడేస్తే పేలుతుంది. నేనాలోచిస్తుండగానే బావ లేచి సీసా మూత బిగించి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, పెరటి కొట్టం తలుపు తీశాడు. అక్కడ అరమీద మిరపకు కొట్టగా మిగిలిన మందు డబ్బాలున్నాయి. వాటి పక్కన సీసాను, పెన్నును పెట్టి, తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.